నోట్లో వేలు, మిద్దె మీద పన్ను

మీ ఇంట్లో వేలు చీకే బిడ్డ ఉందా? ఉంటే ఈపాటికి వైద్యం కూడా మొదలయ్యే ఉంటుంది. డాక్టరు దగ్గర కాదు లెండి, దొడ్లో వేపచెట్టు దగ్గర. అవ్వ నాలుగు చివుళ్ళు తుంచుకొచ్చి, రోట్లో వేసి నూరి, బిడ్డ బొటనవేలికి దట్టంగా పట్టిస్తుంది. బిడ్డ ఒకసారి మొహం చిట్లించి, వేలిని గౌనుకు తుడుచుకుని, ఏమీ జరగనట్టు మళ్ళీ నోట్లో పెట్టుకుంటుంది. మర్నాడు కాకరకాయ రసం. ఆ మర్నాడు ముసాంబరం. ఇంక లాభం లేదనుకునేసరికి ఎదురింటావిడ గడప దాకా వచ్చి, "అవన్నీ యాడ పనిజేస్తాయి గానీ, రోంత మిరప్పొడి పూయమే" అని సలహా పడేసి పోతుంది.

మా వడమాలపేట 2022లో చిత్తూరు జిల్లాలోంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. బోర్డులు మారాయి, ఆఫీసులు మారాయి. అవ్వల వైద్యం మాత్రం మారలేదు. మారాలని కూడా నేను అనను, అందులో కొంత మంచి ఉంది. కానీ ఏది మంచో, ఏది ముప్పో విడదీసి చెప్పుకోకపోతే మధ్యలో నలిగేది బిడ్డే.

మా వీధి చివరింటి కోడలు ఒక సాయంత్రం చంకలో బిడ్డతో వచ్చి అరుగు మీద కూలబడింది. "అక్కా, మా అత్త పొద్దన్నించి ఒకటే సాధింపు. బిడ్డ ఏలు చీకతా ఉంటే చూస్తా కూసోనుండావా, రేపు మిట్టపండ్లొస్తే దాన్నెవుడు చేసుకుంటాడు అంటా ఉండాది. నిజంగా వస్తాయా అక్కా?"

బిడ్డకు రెండేళ్ళుంటాయి. మా మాటలు తనకు పట్టనే లేదు. కుడి బొటనవేలు నోట్లో, చూపుడువేలు ముక్కు మీద, ఎడమచేతిలో వాళ్ళమ్మ చెవితమ్మె. కళ్ళు సగం మూతలు.

"వస్తాయి, రావు. రెండూ నిజమే పాపా" అన్నాను. ఆ మాటకు పాపం ఆ పిల్ల తెల్లమొహం వేసింది. మీరూ వేసే ఉంటారు. అందుకే కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

మొదటి సంగతి. ఈ విద్య బిడ్డకు ఎవరూ నేర్పలేదు, కడుపులోనే నేర్చుకుని వచ్చింది. స్కానింగులో చూస్తే మూడు నాలుగు నెలల పిండం కూడా చేతిని నోటి దగ్గరికి తెచ్చుకుంటూ కనిపిస్తుంది. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో పీటర్ హెప్పర్ అనే ఆయన ఈ విషయం పట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. కడుపులో ఉండగా ఏ బొటనవేలు చీకారో రాసిపెట్టుకున్న పిల్లల్లో 75 మందిని పది పన్నెండేళ్ళ వయసులో మళ్ళీ చూశాడు. కుడివేలు చీకిన 60 మందీ కుడిచేతివాటం వాళ్ళే. ఎడమవేలు చీకిన 15 మందిలో 10 మంది ఎడమచేతివాటం, మిగతా 5 మంది కుడిచేతివాటం. 2005లో ఈ లెక్క అచ్చయింది. అంటే బలపం ఏ చేత్తో పట్టాలో కూడా అమ్మ కడుపులోనే చాలావరకు తేలిపోతోందన్నమాట.

మన పురాణాలకు ఇది కొత్త కాదు. ప్రళయజలాల మీద మర్రాకు, ఆ ఆకు మీద పసిబాలుడు, ఆ బాలుడి నోట్లో కాలి బొటనవేలు. మార్కండేయుడికి కనిపించిన ఆ వటపత్రశాయి పటం లేని ఇల్లు మన వైపు అరుదు. ఇంకొకాయన మాంధాత. తండ్రి యువనాశ్వుడు మంత్రజలం తాగేయడంతో తండ్రి పక్కలోంచే పుట్టాడు. పాలిచ్చే తల్లి లేదు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఇంద్రుడు దిగివచ్చి తన చూపుడువేలు నోటికి అందించాడు. ఆ వేలు చీకి పెరిగినవాడే చక్రవర్తి అయ్యాడు. "చూసినారా, ఏలు చీకితే రాజవుతారు" అని వాదించే తాతలు ఊరికొకరైనా ఉంటారు. చక్రవర్తే, కాదనను. ఆయన పలువరస ఎలా ఉండేదో మాత్రం పురాణం చెప్పలేదు.

పసిబిడ్డకు చీకడం ఆకలి తీర్చుకునే దారి. పెదవి దగ్గర ఏది తగిలినా మూతి అటు తిప్పి అందుకుంటుంది. పాలు వచ్చినా రాకపోయినా చీకుతున్నంతసేపూ గుండె నిమ్మళిస్తుంది, ఏడుపు ఆగుతుంది, నిద్ర పడుతుంది. కాబట్టి ఏడాది బిడ్డ నోట్లోంచి వేలు లాగడమంటే దాని చేతిలో ఉన్న ఒకే ఒక ఓదార్పును లాక్కోవడం. అసలు మనలో ఓదార్పు అక్కర్లేనిదెవరికి? తాత మూతికి బీడీ, అవ్వ బుగ్గన ఆకువక్క, మామ జేబులో గుట్కా పొట్లం, కాలేజీ అన్న పళ్ళ మధ్య పెన్ను మూత. వీళ్ళందరూ చుట్టూ చేరి, నోట్లో వేలు పెడితే కొరకలేని పసిదాన్ని పట్టుకుని "ఛీ, నోట్లో ఏలేంది?" అని గదమాయించడం చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఎక్కువమంది పిల్లలు రెండు నుంచి నాలుగేళ్ళ మధ్య తమంతట తామే మానేస్తారు. ఆటలు ఎక్కువవుతాయి, చేతులకు వేరే పని దొరుకుతుంది, అంగన్‌వాడీకి పోతే తోటి పిల్లకాయలు చూస్తారు. మూడేళ్ళకల్లా మానిపించే ప్రయత్నం మొదలుపెట్టమని అమెరికాలోని పిల్లల దంతవైద్యుల సంఘం చెబుతుంది. పళ్ళ విషయంలో అసలు గీత ఆరో ఏడు. కింది ముందు పళ్ళు ఆరేడేళ్ళకు, పై ముందు పళ్ళు ఏడెనిమిదేళ్ళకు పాలపళ్ళను తోసుకుని వస్తాయి. మన పల్లెల్లో ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి మిద్దె మీదికి విసిరేస్తాం కదా. నేను తల్లులకు చెప్పే గడువు అదే. మొదటి పన్ను మిద్దె ఎక్కే లోపల వేలు నోట్లోంచి దిగాలి.

"అంత మెత్తటి వేలు, అంత గట్టి ఎముకను ఎట్ల వంచుతుంది?" అని మీకు అనుమానం రావాలి. రాకపోతే నేనే తెప్పిస్తాను, ఎందుకంటే ఈ కబురంతటికీ కీలకం అక్కడే ఉంది.

పుత్తూరు కట్టు మనకు తెలియనిది కాదు. మద్రాసు నుంచి, బెంగళూరు నుంచి విరిగిన చేతులూ కాళ్ళూ మోసుకుని జనం మన పక్కకే వస్తారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, చుట్టూ వెదురు బద్దలు. కట్టు కట్టేటప్పుడు మీరు ఎప్పుడైనా పక్కన నిలబడి చూశారా? ఎముకను సరిపెట్టేటప్పుడు ఒక్క క్షణం అరుపు వినిపిస్తుంది. ఆ తర్వాత బద్దలు ఎముకను బలంగా నొక్కేదేమీ లేదు. పట్టుకుంటాయి, అంతే. పగలూ రాత్రీ విడవకుండా పట్టుకుంటాయి. ఆ పట్టు దినాల తరబడి ఉన్నందుకే ఎముక చెప్పినట్టు వింటుంది. బిడ్డ నోట్లో వేలూ అచ్చంగా అలాంటి కట్టే. కాకపోతే ఇది సరైన ఎముకను వంకరకు కడుతుంది.

పళ్ళ వరుసలు సరిచేసే శాస్త్రంలో విలియం ప్రాఫిట్ రాసిన పుస్తకం ప్రపంచమంతా చదివే పాఠం. ఆయన చెప్పేదీ ఇదే. పన్నును కదిపేది ఎంత గట్టిగా నెట్టామన్నది కాదు, ఎంతసేపు నెట్టామన్నది. రోజుకు ఇంచుమించు ఆరు గంటలు దాటితే పన్ను జరగడం మొదలవుతుంది. పగలు బస్సులోనో బడిలోనో చొప్ చొప్ మని గట్టిగా చీకి మానేసే బిడ్డకు పళ్ళు మామూలుగా ఉండొచ్చు. మెత్తగా, చప్పుడు లేకుండా, రాత్రంతా వేలు నోట్లో పెట్టుకుని పడుకునే బిడ్డకు పళ్ళు లేచిపోవచ్చు. చూడండి, ఇంట్లో తిట్లు పడేది మొదటి బిడ్డకు. "మా రెండోది బంగారం, ఏలు నోట్లో పెట్టుకుని కిమ్మనకుండా పండుకుంటాది" అని మెచ్చుకోలు రెండోదానికి!

నోట్లో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. బొటనవేలి మెత్తటి కండ పైకి తిరిగి అంగిలిని ఆనుకుంటుంది. వేలి వెనక వైపు కింది పళ్ళ మీద ఆనుతుంది. చెయ్యి బరువు కిందికి లాగుతుంటే వేలు పై పళ్ళను బయటికి, కింది పళ్ళను లోపలికి వాలుస్తుంది. పై పళ్ళ మధ్య సందులు పడతాయి. వేలు అడ్డం ఉన్నంతసేపూ ముందు పళ్ళు పూర్తిగా దిగలేవు, నోరు తెరిచి ఉండటంతో వెనక పళ్ళు మాత్రం కాస్త ఎక్కువగా పైకొస్తాయి. చివరికి దవడలు మూసినా ముందు భాగంలో వేలు పట్టేంత సందు మిగులుతుంది. ఆ సందు కుడివైపు ఎక్కువుంటే కుడివేలు, ఎడమవైపు ఎక్కువుంటే ఎడమవేలు. బిడ్డ చెప్పకపోయినా పళ్ళు చెప్పేస్తాయి.

పక్కలకు జరిగేది ఇంకా చిత్రం. మన పై పలువరుస రెండు బలాల మధ్య కుదురుగా ఉంటుంది. లోపలి నుంచి నాలుక బయటికి నెడుతుంది, బయటి నుంచి బుగ్గలు లోపలికి నెడతాయి. వేలు వచ్చి కూర్చుంటే నాలుక కిందికి దిగిపోతుంది. పైగా చీకేటప్పుడు బుగ్గలు లోపలికి పీల్చుకుంటాయి. ఇంకేముంది, బుగ్గలదే రాజ్యం. పై వరుస ఇరుకై కోసుగా తయారవుతుంది, అంగిలి లోతుగా కనిపిస్తుంది. పై వెనక పళ్ళు కింది పళ్ళకు బయటగా కూర్చోవాల్సింది పోయి లోపలగా కూర్చుంటాయి. అప్పుడు బిడ్డ నమలడానికి వీలుగా కింది దవడను ఒక పక్కకు జరుపుకుంటుంది. ముఖం ఒక పక్కకు లాగినట్టు కనిపించేది అందుకే.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరీక్షలేం అక్కర్లేదు. మన చిత్తూరు వైపు తోతాపురి మామిడికాయలకు కరువా? ఉప్పూ కారం అద్దిన ముక్క ఒకటి బిడ్డ చేతికిచ్చి చూడండి. ముందు పళ్ళతో కొరికి లాగిందంటే సరే. ముక్కను పెదాల మూలకు తిప్పి పక్కపళ్ళతో కొరుకుతుంటే, ముందు పళ్ళు ఒకదానికొకటి అందడం లేదన్నమాట. "సారు" అనో "సామి" అనో పలకమనండి. నాలుక కొస పళ్ళ సందులోంచి బయటికి తొంగి చూస్తే అదీ ఒక గుర్తే. ఆ తర్వాత చేతులు చూపించమనండి. తొమ్మిది వేళ్ళకు మట్టి, ఒక్క బొటనవేలు మాత్రం కడిగిన ముత్యం. తెల్లగా నాని, ముడతలు పడి, కణుపు మీద చిన్న కాయ కాసి ఉంటుంది. గోరు పక్కన ఎర్రగా వాచి గోరుచుట్టు లేచిందంటే ఆ వేలికి తడి ఆరే తీరికే లేదని అర్థం.

ఎత్తుపళ్ళంటే అందం సంగతి మాత్రమే అనుకుంటారు చాలామంది. మా వీధి చివరింటి కోడలుపిల్ల అత్తగారి బాధ అంతా పెళ్ళి గురించే. కానీ పెళ్ళి దాకా ఎందుకు, బడి ఆటస్థలం దాకా రండి. పై పళ్ళు కింది పళ్ళ కన్నా 3 మిల్లీమీటర్లు దాటి ముందుకొచ్చిన పిల్లలకు ముందు పళ్ళు దెబ్బతినే ప్రమాదం ఇంచుమించు రెట్టింపు. పడినప్పుడు పెదవి కాపాడాల్సిన పళ్ళు పెదవి దాటి బయట ఉంటాయి కదా. ఈ సందర్భంలో ఒక మాట చెవిన వేసుకోండి. దెబ్బకు శాశ్వత పన్ను వేరుతో సహా ఊడి వస్తే పారేయకండి. వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, పాలలో వేసి, గంటలోపల పళ్ళ డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. తిరిగి కూర్చోబెట్టే వీలుంటుంది. పాలపన్నయితే ఈ హడావిడి వద్దు, దాన్ని తిరిగి పెట్టరు.

వేలి తరఫున కూడా ఒక మాట చెప్పకపోతే ధర్మం కాదు. న్యూజిలాండ్‌లో డునెడిన్ అనే ఊళ్ళో 1972, 1973లలో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చారు. చిన్నప్పుడు వేలు చీకినవాళ్ళలో, గోళ్ళు కొరికినవాళ్ళలో 13 ఏళ్ళ వయసుకు అలర్జీ పరీక్షల్లో తేలినవాళ్ళు 38 శాతం. ఏ అలవాటూ లేనివాళ్ళలో 49 శాతం. రెండు అలవాట్లూ ఉన్నవాళ్ళలో 31 శాతమే. 2016లో ఇది అచ్చయింది. మట్టీ మశానం పసితనంలోనే పరిచయమైతే ఒళ్ళు వాటికి అలవాటు పడుతుందేమోనని వాళ్ళ ఊహ. అయితే ఉబ్బసం, తుమ్ముల జ్వరం తగ్గినట్టు మాత్రం కనబడలేదు. అందుకని వేలు చీకించమని ఆ పరిశోధకులు కూడా చెప్పలేదు, నేనూ చెప్పడం లేదు. బిడ్డ వేలు నోట్లో పెట్టుకున్నంత మాత్రాన కొంప మునగదని మాత్రం చెబుతున్నాను.

కొంప మునిగినట్టు బెదిరించడం మన దగ్గరే పుట్టిందనుకోకండి. మనకు బొటనవేలు పోగొట్టుకున్నవాడంటే ఏకలవ్యుడు. జర్మనీ పిల్లలకు కాన్రాడ్ అనే కుర్రాడు. హైన్రిష్ హాఫ్మన్ అనే డాక్టరు 1845లో అచ్చేసిన బొమ్మల పుస్తకంలో ఈ కాన్రాడ్‌ను వేలు చీకొద్దని చెప్పి తల్లి బయటికి పోతుంది. వాడు వినడు. పెద్ద కత్తెరతో దర్జీ ఒకడు దూసుకొచ్చి రెండు బొటనవేళ్ళూ కత్తిరించి పోతాడు! పిల్లల కోసం రాసిన పుస్తకమండీ ఇది. 1879లో బుడాపెస్ట్ డాక్టరు లిండ్నర్ వేలు చీకడం మీద పెద్ద వ్యాసమే రాశాడు. 1905లో ఫ్రాయిడ్ దాన్ని పట్టుకుని ఇంకో దారిలోకి తీసుకుపోయాడు. ఆ దారిలోకి మనం ఇప్పుడు పోవద్దు, అరుగు మీద పెద్దవాళ్ళున్నారు. 1914లో అమెరికా ప్రభుత్వం తల్లుల కోసం అచ్చేసిన శిశుపోషణ పుస్తకం, చొక్కా చేతిని వేళ్ళ మీదికి లాగి పిన్నీసు పెట్టేయమంది. వంద సంవత్సరాలు గడిచాయి. కత్తెరలు, పిన్నీసులు, మిరప్పొడి అన్నీ అయ్యాయి. పిల్లలు వేలు చీకడం మానారా? బెదిరిన బిడ్డకు ముందుగా కావలసింది ఓదార్పు, ఆ ఓదార్పు ఉన్నది వేలిలో. తిట్టినకొద్దీ వేలు లోపలికే పోతుంది.

మరి ఏం చేయాలి అంటారా? వయసును బట్టి చేయాలి.

మూడేళ్ళ లోపు బిడ్డయితే ఏమీ చేయకండి. మీరు చేయగల గొప్ప పని అదే. కడుపునిండా పాలివ్వండి, ఎత్తుకోండి, చేతికి ఆడుకోవడానికి ఏదైనా ఇవ్వండి. తల్లిపాలు ఎక్కువకాలం తాగిన పిల్లల్లో ఈ అలవాట్లు తక్కువని చాలా పరిశోధనలు చూపించాయి. వేలు మాన్పిస్తానని ప్లాస్టిక్ పాలపీక అలవాటు చేసేవాళ్ళున్నారు. పీకను కనీసం పారేయొచ్చు, వేలిని పారేయలేం అన్నది వాళ్ళ వాదన. అదీ గంటల తరబడి నోట్లో ఉంటే పళ్ళను జరిపేదే. పైగా ఎండలో, దుమ్ములో కిందపడ్డ పీకను కొంగుతో తుడిచి మళ్ళీ నోట్లో పెడితే విరేచనాలు ఉచితం.

నాలుగైదేళ్ళ బిడ్డతో మాట్లాడొచ్చు. మొదట, ఎప్పుడు చీకుతుందో నాలుగు రోజులు గమనించండి. నిద్రొచ్చినప్పుడా? టీవీ ముందా? అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకున్నప్పుడా? మూడోదైతే మందు పూయాల్సింది వేలికి కాదు, ఆ బిడ్డనే ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. టీవీ ముందయితే చేతికి బొరుగుల గిన్నె ఇస్తే సరి. పగలు మానిన రోజున క్యాలెండర్ మీద ఆ తేదీకి బిడ్డ చేతే కుంకుమ బొట్టు పెట్టించండి. వారం నిండా బొట్లు పడితే తిరుపతికి తీసుకుపోతాననో, ఇష్టమైంది వండిపెడతాననో చెప్పండి, చెప్పిన మాట తప్పకండి. బొట్టు లేని రోజును ఎత్తిచూపకండి.

రాత్రి సంగతి వేరు. నిద్రలో బిడ్డకు తెలియదు, కాబట్టి తిట్టి లాభం లేదు. పడుకునేటప్పుడు చేతికి మెత్తటి మేజోడు తొడగండి. లేదా మోచేతికి పల్చటి బ్యాండేజీ వదులుగా చుట్టండి. చెయ్యి మడిస్తే అది కొంచెం బిగిసి, బిడ్డకు గుర్తుచేస్తుంది. "ఇది శిక్ష కాదు బంగారూ, నీ చెయ్యి మర్చిపోతే గుర్తు చేయడానికి" అని ముందే చెప్పి, బిడ్డ ఒప్పుకున్నాకే కట్టాలి. ఒప్పుకోని బిడ్డకు కడితే అర్ధరాత్రి పీకి పారేస్తుంది, మీ నిద్ర కూడా పోతుంది. మేజోడుతో గంటలు తగ్గాయంటే సగం పని అయినట్టే. గుర్తుందిగా, మన లెక్క గంటల్లో.

ఇప్పుడు అవ్వల మందుల సంగతి. వేపాకు చేదుకు పెద్ద అపాయం లేదు. మానాలని తానే అనుకుంటున్న బిడ్డకు ఆ చేదు గుర్తుచేసే పని చేస్తుంది. ఇష్టం లేని బిడ్డకు అది శిక్షే, రెండు రోజుల్లో చేదుకే అలవాటు పడుతుంది. కానీ వేపాకు వేరు, వేపనూనె వేరు. వేపనూనె కడుపులోకి పోయిన పసిబిడ్డలకు వాంతులు, ఫిట్స్ వచ్చి, మెదడు, కాలేయం దెబ్బతిన్న సంగతులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వేలికి వేపనూనె పూయడమంటే చుక్క చుక్కగా తాగించడమే. మిరప్పొడి ఇంకో ఆపద. బిడ్డ నోట్లో మంట పుట్టి ఏడుస్తుంది, ఏడుస్తూ అదే చేత్తో కళ్ళు నులుముకుంటుంది. ఆ తర్వాత ఏమవుతుందో నేను చెప్పాలా? ఎదురింటావిడకు దండం పెట్టి పంపించేయండి.

ఆరేళ్ళు దాటినా మానకపోతే, పళ్ళు కదలడం కనిపిస్తే, పళ్ళ డాక్టరుకు చూపించాల్సిందే. మనకు దూరాభారం లేదు. తిరుపతి బస్సెక్కితే రేణిగుంట దాటాక దారిలోనే సి.కె.ఎస్. తేజ దంతవైద్య కళాశాల ఉంది. దంతవైద్య కళాశాలల్లో పిల్లల పళ్ళకు ప్రత్యేక విభాగం ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే డాక్టర్లు పళ్ళు కూడా చూస్తారు. వాళ్ళు వచ్చిన రోజు బిడ్డను బడికి పంపండి, ఆ రోజే జ్వరమని ఇంట్లో పెట్టుకోకండి.

అక్కడ డాక్టరు అంగిలి దగ్గర సన్నటి తీగతో చేసిన చిన్న కమ్మీ ఒకటి పెట్టొచ్చు. వెనక పళ్ళకు రింగులతో అతుక్కుని ఉంటుంది. వేలు అంగిలిని తాకనివ్వదు, తాకకపోతే చీకడంలో రుచి లేదు. మొదటి నాలుగు రోజులు మాట తడబడుతుంది, అన్నం ఇరుక్కుంటుంది, తర్వాత సర్దుకుంటుంది. అమెరికాలో కెంటకీ రాష్ట్రపు డాక్టర్లు హాస్కెల్, మింక్ 1991లో ఇంకొంచెం దయగల ఉపాయం చెప్పారు. కమ్మీ బదులు తీగ మీద చిన్న పూస. నాలుక కొసతో దాన్ని గిరగిర తిప్పుతుంటే బిడ్డకు వేలు గుర్తే రాదు. 2015లో కాక్రేన్ సంస్థ ఉన్న పరిశోధనలన్నీ కూడదీసి చూసింది. ఊరికే వదిలేయడం కన్నా ఈ తీగలూ, మెచ్చుకుని బుజ్జగించి మాన్పించే పద్ధతులూ మేలని తేలింది, రుజువులు ఇంకా బలంగా ఉండాల్సిందని కూడా రాసింది.

ఇంకో మంచి కబురు. అలవాటు సమయానికి ఆగితే ముందు పళ్ళ సందు చాలామందిలో తనంతట తానే మూసుకుంటుంది. పెదవులు, నాలుక, పళ్ళు ఎదుగుదలతో పాటు సర్దుకుంటాయి. కట్టు విప్పితే ఎముక ఎదిగే దారిలో ఎదుగుతుంది కదా. ఇరుకైపోయిన పై వరుస మాత్రం చాలాసార్లు దానంతట విచ్చుకోదు, దాన్ని వెడల్పు చేసే తీగ పెట్టాల్సి వస్తుంది. కాబట్టి "పెద్దయితే అదే పోతాది" అనే మాట సగం నిజం. పోయేదేమిటో, పోనిదేమిటో డాక్టరు చూసి చెప్పాలి. ఇంకొకటి, ఎత్తుపళ్ళన్నీ వేలి పుణ్యమే కావు. నాన్న దవడ, అమ్మ పళ్ళు బిడ్డకు వారసత్వంగా వస్తాయి. ముక్కు మూసుకుపోయి నోటితో ఊపిరి పీల్చే పిల్లలకూ ఇలాగే అవుతుంది. వేలు ముట్టని బిడ్డకు మిట్టపండ్లు వచ్చినా, రాత్రింబగళ్ళు చీకిన బిడ్డకు ముత్యాల వరస ఉన్నా ఆశ్చర్యపోకండి.

"అప్పలాయగుంట సామికి మొక్కుకోవచ్చా?" అని అడిగే అవ్వ ఒకరు మీలో తప్పక ఉంటారు. తప్పకుండా మొక్కుకోండి అవ్వా, ప్రసన్న వెంకటేశ్వరుడు మన మండలంలోనే ఉండగా మొక్కకపోతే ఎలా? బిడ్డ వినేటట్టు పైకి మొక్కండి, "మా అమ్మి మానతాది సామీ" అని. తన మీద ఇంత నమ్మకం పెట్టుకున్నారని బిడ్డకు తెలియడం ఏ మందుకన్నా గట్టిది.

ఖర్చు మాట కూడా చెప్పి ముగిస్తాను, మన ఊళ్ళో అది తేలకుండా ఏ మాటా పూర్తి కాదు. మూడేళ్ళప్పుడు ఖర్చయ్యేది ఓర్పు ఒక్కటే. అయిదేళ్ళప్పుడు ఓర్పు, ఒక జత మేజోళ్ళు, కాస్త కుంకుమ. ఎనిమిదేళ్ళప్పుడు కమ్మీ, తిరుపతికి బస్సు ఛార్జీలు. పదమూడేళ్ళప్పుడు క్లిప్పులు, రెండేళ్ళ తిరుగుడు, మేస్త్రి కూలి కన్నా గట్టి బిల్లు. నాలుగింటిలో ఏది కట్టాలో మీ ఇష్టం. నన్నడిగితే మొదటిదే చవక, కానీ అది ఏ అంగట్లోనూ దొరకదు, ఇంట్లోనే చేసుకోవాలి.